తిన్నని గొంతు

కలకత్తాకు కాస్త దూరాన ఉన్న రైల్వే ఊళ్ళో, ట్రాఫిక్ కాలనీలో తెలుగు క్రైస్తవుల ఇంట ఎవరైనా కన్నుమూస్తే మొదటి కబురు పాస్టరుగారికి, రెండోది సూసన్నకు వెళ్ళేది. పెట్టె తెప్పించడం, గొయ్యి తవ్వించడం, రావలసిన చుట్టాలకు ఫోన్లు చేయడం మగవాళ్ళు చూసుకునేవారు. సూసన్న కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, తెల్లచీర కట్టుకుని వచ్చి, పెట్టెకు తలవైపున నిలబడేది. ఆ చోటు ఆమెదేనని అందరికీ తెలుసు. ముందే వచ్చి అక్కడ నిలబడ్డవాళ్ళు ఆమెను చూసి పక్కకు జరిగేవారు.

ఆమె పాటలో ప్రత్యేకంగా వినడానికేమీ లేదని కొత్తవాళ్ళు అనుకునేవారు. గొంతు పెద్దదే, పందిరి అవతల రోడ్డు మీదికి కూడా వినిపించేది. కానీ దాన్ని ఎక్కడా తిప్పేది కాదు. మెట్టు మీద నుంచి మెట్టు మీదికి అడుగు వేసినట్టు ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్ళేది. మాట చివర వణికించేది కాదు. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా బయటికి రానిచ్చేది కాదు. అయినా మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి, అప్పటిదాకా రాయిలా కూర్చున్న ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు భళ్ళుమనేవారు. అప్పుడూ ఆమె గొంతు పెరిగేది కాదు, తగ్గేది కాదు. ఆ ఏడుపు సాగినంతసేపూ పాట దాని కిందుగా నడుస్తూనే ఉండేది.

అలా పాడడం నేర్పింది తండ్రి సొలొమోను. వర్క్‌షాపులో ఫిట్టరు, చర్చిలో పాట ఎత్తే మనిషి. చిన్నప్పుడు సూసన్న గొంతు ఒకచోట ఊరుకునేది కాదు. పక్క క్వార్టరులో బెంగాలీ టీచరమ్మ సాయంత్రాలు హార్మోనియం ముందు కూర్చుని రాగాలు తీస్తుంటే, ఈ పిల్ల గోడకు చెవి ఆనించి విని, అవే మెలికలు ఆదివారం చర్చి పాటల్లో వేసేది. పెళ్ళిళ్ళలోనూ, క్రిస్మస్‌కు ఇంటింటికీ తిరిగి పాడేటప్పుడూ సొలొమోను ఏమీ అనేవాడు కాదు. మీసాల కింద నవ్వుకునేవాడు కూడా. చావింట్లో మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"ఇక్కడ నీ గొంతు ఇనడానికి ఎవలూ రాలేదమ్మా," అనేవాడు. "ఆళ్ళకి మాట అందాల. నువ్వు మెలిక తిప్పినావనుకో, ఆళ్ళ సూపు శవం మీంచి లేసి నీ మీదకొస్తాది. అది దొంగతనం."

ఆ మాట సూసన్న మనసులో గట్టిగా నాటుకుంది. తండ్రి పోయిన నాడు ఆయన పెట్టె దగ్గర పాడింది కూడా ఆమే. ఒక్క స్వరం చెదరకుండా పాడింది. అప్పటి నుంచి ఆ తలవైపు చోటు ఆమెదైంది. దాదాపు నలభై ఏళ్ళు పాడింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అలవాటు చావిళ్ళలోనే ఆగలేదు. పెళ్ళిపాటలూ అలాగే పాడడం మొదలుపెట్టింది. చివరికి కూతుర్ని ఉయ్యాలలో వేసి పాడిన జోలపాట కూడా అంతే.

ఆమె భర్త తిమోతి నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్లను విడదీసి కలిపే షంటింగ్ పని చేసేవాడు. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. ఒక పెళ్ళి నుంచి తిరిగొస్తూ, "పెళ్ళికూతురు నీ పాట ఇని, ఏ పెట్టెలో పడుకోవాల్నా అని ఎతుక్కున్నాదేటి!" అన్నాడు.

సూసన్న నవ్వలేదు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు ఏంజలిన్. ఆ పిల్ల గొంతు సన్నం. ఒక స్వరం పట్టుకుంటే దాన్ని కింద నుంచి ఒకసారి తాకి, పైకి వెళ్ళి మళ్ళీ తాకి, చుట్టూ తిరిగి గాని వదిలేది కాదు. ఎవరూ నేర్పలేదు. కూతురు పాడుతుంటే తన చిన్ననాటి గొంతే మళ్ళీ ఎక్కడి నుంచో వచ్చినట్టు ఉండేది సూసన్నకు. సంతోషం కాదు, భయం వేసేది. తండ్రి ఎక్కడో వెనకాల కూర్చుని వింటున్నాడనిపించేది. "తగ్గించు," అనేది. పిల్ల తగ్గించేది. "ఇంకా తగ్గించు," అనేది.

ఏంజలిన్‌కు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ కాలనీలోనే ఉండే సుజాతమ్మ అత్తగారు పోయింది. సూసన్న, కూతురు ఇద్దరూ కలిసి పాడారు. సుజాతమ్మ కొడుకు టోని కీబోర్డు వాయించాడు. ఆ పాట ఆ చర్చిలో ఎప్పటి నుంచో ఉన్నదే:

"ఏటి ఒడ్డు చేరినాను, ఎత్తుకోవా తండ్రీ,
నీటి మీద చీకటాయె, ఎత్తుకోవా తండ్రీ."

మూడో చరణం తర్వాత పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు, 'ఎత్తుకోవా' అన్న మాటలో 'కో' దగ్గర ఏంజలిన్ గొంతు ఉన్నట్టుండి పైకి లేచింది. అక్కడ ఒక్క క్షణం నిలిచి, మెల్లగా జారి, 'తండ్రీ' మీదికి వచ్చి వాలింది. పందిట్లో తలలన్నీ ఇటు తిరిగాయి. వెనక ఎవరో "ఓలమ్మా!" అన్నారు. సుజాతమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆ పిల్ల మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చి స్నానాలు చేశాక, ముగ్గురూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు సూసన్న అడిగింది.

"ఏటది?"

"ఏటి?" అంది ఏంజలిన్.

"ఎత్తుకోవా కాడ తిప్పినావు కదా. అది."

"నాను తిప్పలేదమ్మా. వొచ్చీసింది."

"వొచ్చిందాన్ని ఆపుకోడమే పాటంటే."

"ఆపుకోడానికైతే పాటెందుకు? నోరు మూసుకుంటే సరిపోద్ది కదా."

తిమోతి కంచంలోంచి తలెత్తాడు. "దాన్ని ఒగ్గీ సూసన్నా. పిల్ల బాగా పాడినాది."

"బాగా పాడడానికి ఎల్లినామా అక్కడికి?" అంది సూసన్న.

ఏంజలిన్ సగం అన్నం వదిలేసి లేచిపోయింది. ఆ తర్వాత ఆమె చావిళ్ళలో తల్లి పక్కన నిలబడలేదు. ఆదివారం సాయంత్రాలు టోని నడిపే యువజనుల పాటల గుంపులో చేరింది. అక్కడ ఆమెను తగ్గించమనేవాళ్ళు లేరు. తిమోతి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని విని వచ్చేవాడు. వచ్చి, ఆ పాటలే తప్పుల తడకగా ఈల వేస్తూ సైకిల్ తుడుచుకునేవాడు. సూసన్న మిషను తొక్కుకుంటూ ఇంట్లోనే ఉండేది. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. ఎలా వెళ్ళాలో ఆమెకే తెలియలేదు.

తిమోతి రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, నిమ్‌పురాలో యార్డు గోడకు కాస్త దూరంగా రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఏంజలిన్ ప్రేమ్ బజార్లో జిరాక్సు, బైండింగు షాపులో పనికి కుదిరింది. కాలేజీ పిల్లలతో పొద్దస్తమానం కిటకిటలాడే షాపది. యంత్రాల రొదలో ఒకేసారి నలుగురితో హిందీలోనూ బెంగాలీలోనూ మాట్లాడుతూ, మధ్యలో కూనిరాగం తీస్తూ పని చేసేది.

ఏంజలిన్‌కు ఇరవయ్యారో ఏట, క్రిస్మస్‌కు కొత్త జాకెట్టు కుట్టడానికి సూసన్న కూతురి మెడ కొలత తీస్తోంది. టేపు కింద వేలికి గట్టిగా ఏదో తగిలింది. రేగిపండంత గడ్డ. నొక్కితే నొప్పి లేదంది పిల్ల. నొప్పి లేకపోవడమే చెడ్డదని డాక్టర్ల దగ్గరికి తిరగడం మొదలుపెట్టాక తెలిసింది. సూది గుచ్చి పరీక్షలు చేసి, చివరికి కలకత్తాలో పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరు ఏదీ దాచలేదు. గడ్డ తీయక తప్పదన్నాడు. అది గొంతును ఆడించే నరాన్ని చుట్టుకుని ఉందనీ, ప్రాణానికి భయం లేదు కానీ గొంతు ఎంత మిగులుతుందో తను చెప్పలేననీ అన్నాడు.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం, చూడవచ్చినవాళ్ళను పంపించేసే వేళకు, ఏంజలిన్ మంచం మీద లేచి కూర్చుంది.

"అమ్మా, ఒకసారి పాడుకోనా?" అంది.

వార్డు నిండా మంచాలు. పక్క మంచం మీద ఒక ముసలామె మూలుగుతోంది. నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. సూసన్న అటూ ఇటూ చూసింది.

"ఇక్కడా? అందరూ పడుకున్నారు తల్లీ. ఆళ్ళకి ఇబ్బంది."

"మెల్లగా పాడమ్మా," అన్నాడు తిమోతి. "ఏటీ అనరు. నాను సెప్తాను నర్సమ్మకి." అని లేచాడు కూడా.

కానీ ఏంజలిన్ అప్పటికే గోడవైపు తిరిగి పడుకుంది. తిమోతి ఆమె వీపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని సూసన్న తర్వాత చాలాసార్లు అనుకుంది.

గడ్డ మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం పగిలిన వెదురులోంచి గాలి పోయినట్టు అయిపోయింది. మొదటి నెలల్లో నీళ్ళు తాగితే పొరపోయేది. గడ్డం కిందికి దించి, గుక్క గుక్కగా తాగమన్నారు. తర్వాత అది సర్దుకుంది కానీ గొంతు రాలేదు. షాపులో యంత్రాల మధ్య ఆమె మాట ఎవరికీ వినిపించేది కాదు. "దీదీ, కబ్ మిలేగా?" అని, కాగితాలు ఎప్పుడిస్తావంటూ పిల్లలు అరిస్తే, గోడ మీది గడియారంలో ముల్లు ఎక్కడికి రావాలో వేలితో చూపించేది. టోని రెండుసార్లు ఇంటికి వచ్చాడు. గుంపులో ఊరికే వచ్చి కూర్చోమన్నాడు. ఆమె నవ్వి, టీ పెట్టి ఇచ్చి పంపేసింది. సూసన్న కూతురికి మెడ మూసుకుపోయే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కటి వేసుకుని, తర్వాత ఏంజలిన్ ఆపరేషన్ మచ్చ దాచుకోవడం మానేసింది.

ఇంట్లో ఎవరూ పాడేవారు కాదు. తిమోతి ఈల కూడా ఆగిపోయింది. పగలూ రాత్రీ యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడే.

రెండేళ్ళ తర్వాత, మంచి వానాకాలంలో, తిమోతి బజారు నుంచి చేపలు తెచ్చి, తనే దగ్గర కూర్చుని కడిగించి, తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. టీ వేళకు సూసన్న లేపితే లేవలేదు.

మర్నాడు ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. వాన దాని మీద టపటపా కొడుతోంది. పాస్టరుగారు వాక్యం చదివి, అలవాటు కొద్దీ సూసన్న వైపు చూశారు. ఆమె లేచి పెట్టెకు తలవైపున నిలబడింది. వద్దని ఎవరూ అనలేదు. తండ్రికి పాడిన మనిషి భర్తకు పాడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. నోరు తెరిచింది. ఏడుపు వస్తే ఎలా మింగాలో ఆమెకు తెలుసు. కానీ ఏడుపు రాలేదు, పాటా రాలేదు. నలభై ఏళ్ళుగా అడగ్గానే వచ్చిన గొంతు ఎక్కడో లోపలే ఉండిపోయింది. జనం ఎదురుచూశారు. వాన చప్పుడు పెద్దదైంది. సుజాతమ్మ లేచి రాబోయింది.

అప్పుడు కాళ్ళవైపు కూర్చున్న ఏంజలిన్ పాట ఎత్తుకుంది.

అది పాట అనిపించడానికే కాస్త సమయం పట్టింది. మగగొంతంత కిందికి, బొంగురుగా వచ్చింది. ఏ స్వరం మీద నిలబడగలదో ఆ స్వరం మీద నిలబడి, తర్వాతి దానికి మెల్లగా పాకింది. అందని చోట మాటను పలికి ఊరుకుంది. "ఏటి ఒడ్డు చేరినాను" వరకు వచ్చింది. "ఎత్తుకోవా" దగ్గర 'కో' పలకబోతే ఒట్టి గాలి వచ్చింది. ఆమె ఆగలేదు. ఆ గాలినే అక్కడ ఉంచి, "తండ్రీ" అంది.

టార్పాలిన్ కింద ఏడవని మనిషి లేడు. యార్డులో తిమోతితో కలిసి పనిచేసిన బెంగాలీలు, పాట అర్థం కానివాళ్ళు కూడా కండువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సూసన్న మాత్రం పెట్టె అంచు పట్టుకుని నిలబడి, కూతుర్నే చూస్తూ ఉంది.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే సుజాతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది.

"అచ్చం నీలాగే పాడినాది వదినా," అంది. "ఒక్క మెలిక లేదు. ఎంత అణుకువ! మీ నాన్నుంటే ఎంత పొంగిపోయీవోడో."

సూసన్న బురదలో ఆగిపోయింది. "నాలాగ కాదు," అంది.

సుజాతమ్మకు అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకుని, గొడుగు ఆమె మీదికి వంచింది.

మూడో రోజు ప్రార్థన అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, తల్లీకూతుళ్ళు ఇద్దరే మిగిలారు. తెచ్చిన కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తూ, ఏంజలిన్ ఆ పగిలిన గొంతుతో అంది:

"అందరూ మెచ్చుకున్నారమ్మా. పాస్టరుగారు కూడా. నాకు సిగ్గేసింది. నాను ఆపుకున్నానని అనుకున్నారు ఆళ్ళు. ఆపుకోడానికి నా కాడ ఏటున్నాదని?"

సూసన్న చేతిలోని కుర్చీ కింద పెట్టింది.

"ఆస్పత్రిలో నిన్ను పాడనివ్వవలిసింది," అంది.

"పోనీలే," అంది ఏంజలిన్. క్షమించినట్టు అనలేదు, కోపంగానూ అనలేదు. అయిపోయిన పని గురించి అన్నట్టు అని, మిగిలిన కుర్చీలు ఎత్తుకుని బయటికి వెళ్ళింది.

ఆ తర్వాత చావు కబుర్లు వస్తే సూసన్న పాడనంది. మొదట బతిమాలారు. తర్వాత టోని స్పీకరు పెట్టి, ఫోన్లోంచి పాటలు వేయడం మొదలుపెట్టాడు. ఎక్కడో స్టూడియోలో పాడిన పాటలు. ప్రతి మాటకూ పది గిరికీలు, వెనక వయొలిన్లు. జనం కొన్నాళ్ళు మొహాలు చూసుకుని, ఆ తర్వాత అలవాటుపడ్డారు.

చలికాలంలో కాలేజీ సెలవులిచ్చి ప్రేమ్ బజార్ వెలవెలబోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఏంజలిన్ ఇంట్లోనే ఉంది. గుమ్మంలో ఎండలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. సూసన్న మిషను ఆపి, కాసేపు తటపటాయించి అడిగింది.

"ఎత్తుకోవా కాడ నువ్వు ఎలగ తిప్పీదానివి?"

ఏంజలిన్ తలెత్తి చూసింది. "ఇప్పుడెందుకు?"

"తెలుసుకుందామని."

గొంతుతో చూపించలేక చేత్తో చూపించింది. అరచెయ్యి పైకి లేచింది, గాలిలో కాస్త ఆగింది, పక్కకు ఒరిగి కిందికి వచ్చింది. "ఇక్కడ ఆగాల. ఎవలైనా అందుకుంటారేమోనని సూసినట్టు. అందుకోలేదనుకో, అప్పుడు జారాల," అంది.

"అదెలగ తోచింది నీకు?"

"తోచేదేటి? నాన్న డ్యూటీ దిగి వొస్తే నాను ఎదురెల్లి సేతులెత్తీదాన్ని కదా, ఎత్తుకోమని. సేతులకి నూనె మరకలున్నాయని కడుక్కునీదాకా ఎత్తుకునీవోడు కాదు. ఆ మాట వొస్తే నాకదే గురుతొచ్చీది. అంతేనమ్మా."

ఇన్నేళ్ళూ సూసన్న, పిల్ల గొంతు చూపించుకుంటోందనే అనుకుంది. ఎందుకలా వస్తోందని ఒక్కసారైనా అడగలేదు. అన్నం ముందు కూర్చోబెట్టి అడిగిన రోజు కూడా జవాబు కోసం అడగలేదు.

తర్వాత మెల్లగా, గుమ్మం దాటి వినిపించనంత మెల్లగా, ఆ ఒక్క మాట పాడి చూసింది. ఏంజలిన్ చెయ్యి పైకి లేపింది. సూసన్న గొంతు లేవలేదు. పక్క మెట్టు మీదికి తిన్నగా అడుగు వేసి నిలబడింది. మళ్ళీ పాడింది. మళ్ళీ అంతే. గోడవతల బెంగాలీ టీచరమ్మ రాగాలు విని తిప్పిన పిల్ల గొంతు ఆమెలో ఎక్కడా మిగలలేదు. వలిచిన బఠాణీలు ఒళ్ళో పెట్టుకుని, ఏంజలిన్ ఓపిగ్గా చెయ్యి లేపుతూ దించుతూ ఉంది. కాసేపటికి ఆ చెయ్యి ఆగిపోయింది.

"రాదులే అమ్మా," అంది. "ఒగ్గీ."

ఆ తర్వాత కూడా కొన్ని మధ్యాహ్నాలు ప్రయత్నించారు. ఎప్పుడూ సూసన్నే అడిగేది. ఒక్కోసారి దగ్గరిదాకా వచ్చినట్టే ఉండేది గానీ, విన్నప్పుడు అది మెలికలా కాక తప్పు స్వరంలా ఉండేది. కాలేజీ తెరిచాక ఏంజలిన్‌కు షాపులో పని ఎక్కువైంది. అడగడం కూడా తగ్గింది.

ఇప్పటికీ ఎవరైనా పోతే ఇద్దరూ వెళ్తారు. పెట్టె తలవైపు ఇప్పుడు స్పీకరు ఉంటుంది. వాళ్ళు వెనక వరసలో కూర్చుంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు గుర్తుపట్టి, "ఒక్క చరణం పాడమ్మా సూసన్నా," అంటే ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ఫోన్లో పాట అయిపోయి పెట్టె లేచాక, జనంతో పాటు కాస్త దూరం నడిచి, లెవెల్ క్రాసింగ్ దగ్గర విడిపోయి, నిమ్‌పురా వైపు తిరుగుతారు. గూడ్సుబండి అడ్డం ఉంటే అది పోయేదాకా గేటు దగ్గర నిలబడతారు. ఆ చప్పుడులో ఏంజలిన్ ఏం చెప్పినా వినిపించదు కాబట్టి, ఇద్దరూ మాట్లాడుకోరు.